గంగిరెద్దుకు మాటలు నిజంగా అర్థమవుతాయా? ఇంటి ముందుకు వస్తే గిన్నెడు అన్నం పెట్టవచ్చా?

విజయవాడ పటమట నుంచి ఒక సోదరి అడిగిన ప్రశ్న ఇది. ధనుర్మాసంలో వారి వీధికి గంగిరెద్దు వస్తుంది. "అమ్మగారికి దండం పెట్టు" అంటే తల వంచుతుంది, "అయ్యగారికి దండం పెట్టు" అంటే ముందు మోకాళ్ల మీద వంగుతుంది. దానికి నిజంగా మాటలు అర్థమవుతాయా అని ఒక సందేహం. కొట్టి నేర్పుతారేమోనని వారి అమ్మాయి బాధపడుతోంది, అది రెండవది. పుణ్యమని వారి అత్తగారు రోజూ గిన్నెడు అన్నం పెడుతున్నారు, అది మంచిదేనా అన్నది మూడవది.

ముందుగా సూటిగా చెబుతాను. గంగిరెద్దుకు వాక్యం అర్థం కాదు, మనిషి అర్థమవుతాడు. తనను ఆడించే వ్యక్తి గొంతు, చేయి, పగ్గం, అతను నిలబడే తీరు చూసి అది నడుచుకుంటుంది. నేర్పడంలో బెత్తం కన్నా మేత, ఓపిక ఎక్కువ పని చేస్తాయి. అయితే కొట్టేవాళ్లు లేరని నేను అనను, వారిని గుర్తుపట్టే విధానం కింద రాస్తున్నాను. ఇక గిన్నెడు అన్నం మాత్రం పెట్టవద్దు. మీ మూడు ప్రశ్నల్లో ప్రాణం మీదకు తెచ్చేది ఇదొక్కటే కాబట్టి దీని గురించి ఎక్కువగా రాస్తాను.

నేను గుంటూరు పరిసరాల్లో పశువైద్యుడిగా చాలాకాలం పనిచేశాను. సంక్రాంతి రోజుల్లో ఊరి చివర గుడారాలు వేసుకునే గంగిరెద్దులవాళ్లు పశువుకు ఏదైనా వస్తే మా దగ్గరకే తీసుకొచ్చేవారు. వైద్యం చేస్తూ చూసినవి, వారిని అడిగి తెలుసుకున్నవి, మా శాస్త్రం చెప్పేవి కలిపి రాస్తున్నాను.

మాట సంగతి. ఒకసారి వైద్యం ముగిశాక ఆ ఎద్దు యజమానిని మౌనంగా, చేతులు కట్టుకుని పక్కన నిలబడమని కోరి, అతను రోజూ అనే మాటలనే నేను అన్నాను. ఎద్దు నా చొక్కా జేబు వాసన చూస్తూ నిలబడింది తప్ప తల కదపలేదు. తరువాత అతన్ని అదే రాగంతో, అదే చేతి కదలికతో, దండం అన్న మాటే లేకుండా "చింతచెట్టు మీద కాకి వాలింది" అనమన్నాను. ఎద్దు వెంటనే ముచ్చటగా తల వంచింది. అతను కూడా ఆశ్చర్యపోలేదు. "మా చెయ్యి చూస్తదండీ, మాట మీ కోసం" అన్నాడు. ఆ చెయ్యి కదలిక ఎంత చిన్నదంటే, వీధిలో చూసేవారి కంటికి అది ఆనదు. పగ్గం పట్టిన చేతి బొటనవేలు తాడు మీద ఒక్క అంగుళం కిందకు జారుతుంది, అంతే. ముక్కుతాడు దగ్గర ఆ తేడా ఎద్దుకు స్పష్టంగా తెలుస్తుంది.

దీనికి ప్రపంచమంతా ఎరిగిన ఉదాహరణ ఒకటి ఉంది. జర్మనీలో బెర్లిన్ నగరంలో హాన్స్ అనే గుర్రం కూడికలు, తీసివేతలు చేసి, జవాబును గిట్టతో నేల మీద తట్టి చెబుతుందని గత శతాబ్దం మొదట్లో పెద్ద పేరు వచ్చింది. 1907లో ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు దాన్ని జాగ్రత్తగా పరీక్షించాడు. అడిగే మనిషికే జవాబు తెలియకపోయినా, ఆ మనిషి గుర్రానికి కనిపించకపోయినా, హాన్స్ తప్పులు చెప్పేదని తేలింది. సరైన సంఖ్య రాగానే అడిగినవారి తల, భుజాలు తమకు తెలియకుండానే రవ్వంత కదిలేవి. గుర్రం ఆ కదలికను పట్టుకుని తట్టడం ఆపేది. యజమాని మోసం ఏమీ చేయలేదు, తన గుర్రానికి లెక్కలు వచ్చని మనస్ఫూర్తిగా నమ్మాడు. గంగిరెద్దు విషయంలో తేడా ఏమిటంటే, మనవాళ్లకు ఈ సంగతి తరతరాలుగా తెలుసు, తెలిసే నేర్పుతారు. లెక్కలు రాకపోయినా మనిషి ఒంట్లోని అంత సూక్ష్మమైన కదలికను పట్టుకోగలగడం నా దృష్టిలో తక్కువ తెలివి కాదు. మీ అమ్మాయికి ఇది తప్పక చెప్పండి.

పశువుకు కళ్లు తలకు రెండు పక్కలా ఉండటం వల్ల తల తిప్పకుండానే తన చుట్టూ దాదాపు 330 డిగ్రీల మేర కనిపిస్తుంది. సరిగ్గా తోక వెనుక, మూతికి ఎదురుగా అతి దగ్గర మాత్రమే కనబడదు. అందుకే ఆడించే వ్యక్తి ఎప్పుడూ ఎద్దు భుజానికి పక్కగా, కాస్త ముందుగా నిలబడతాడు. వినికిడి విషయంలో పశువు మనకన్నా ముందుంది. శబ్దం ఎంత సన్నగా ఉందో కొలిచే హెర్ట్జ్ లెక్కలో మనిషికి దాదాపు 20 వేల వరకు వినబడితే, పశువుకు 35 వేల వరకు వినబడుతుంది. కానీ శబ్దం ఏ దిక్కు నుంచి వచ్చిందో పోల్చుకోవడంలో అది మనకన్నా బాగా వెనుకబడి ఉంటుంది. అందువల్ల కొత్త శబ్దం విన్నప్పుడు చెవులు అటూ ఇటూ తిప్పి, చివరకు కళ్లతోనే వెతుక్కుంటుంది. అపార్ట్‌మెంట్ల మధ్య సన్నటి సందులో నాలుగు వైపుల నుంచీ శబ్దం ప్రతిధ్వనించే చోట ఎద్దు బెదిరిందంటే కారణం ఇదే. మీరు చూసేటప్పుడు పిల్లలను దాని వెనుకకు వెళ్లనివ్వవద్దు, ఈలలు వేయనివ్వవద్దు.

డోలు లయకు ఎద్దు తల ఊపుతుందని అందరూ అంటారు. నేను గమనించినంతవరకు చాలా సందర్భాల్లో జరిగేది దానికి తిరగబడి ఉంటుంది. సైగ అందుకుని ఎద్దు తల ఊపడం మొదలుపెట్టగానే, డోలు వాయించే మనిషి తన దెబ్బను ఆ ఊపుకు కలుపుతాడు. ఈసారి వచ్చినప్పుడు ఎద్దును కాకుండా డోలు మీద ఉన్న చేతిని చూడండి.

మోకాళ్ల మీద వంగడం చూసి చాలామంది జాలిపడతారు. ఆవుగానీ ఎద్దుగానీ పడుకునేటప్పుడు ఎలా పడుకుంటుందో ఒకసారి గమనించండి. మొదట ముందు కాళ్లు మడిచి మోకాళ్ల మీదకు వస్తుంది, ఆ తరువాతే వెనుక భాగం నేలకు దించుతుంది. లేచేటప్పుడు వెనుక కాళ్లు ముందు లేపి, క్షణకాలం మోకాళ్ల మీద ఆగి, ఆపైన ముందు కాళ్లు చాపుతుంది. గుర్రం ఇలా కాదు, ముందు కాళ్లు చాచి లేస్తుంది. కాబట్టి గంగిరెద్దు పెట్టే దండం దాని ఒంటికి పరాయి భంగిమ కాదు. రోజుకు అనేకసార్లు తనంతట తాను చేసే పనిని మధ్యలో ఆపడమే దానికి నేర్పుతారు. అయితే మట్టి నేల మీద వంగడం వేరు, మన సిమెంటు రోడ్డు మీద ఇంటింటికీ వంగడం వేరు. మోకాలి చిప్ప మీద చర్మం కాయకాచి, కొన్నిటికి నీరు చేరి వాపు వస్తుంది. నేను వైద్యం చేసిన గంగిరెద్దుల్లో తరచుగా చూసినది ఈ మోకాలి వాపునే. "దండం పెట్టించండి" అని రెండుసార్లు, మూడుసార్లు అడగకండి. తల ఊపితే చాలు.

నేర్పే విధానం. పూర్వం నుంచీ ఈ వృత్తి చేసే కుటుంబాలు దూడ ప్రాయంలోనే పశువును ఎంచుకుంటాయి. అన్నీ ఒంగోలు జాతివే అయి ఉండవు. నిజానికి మేలిమి ఒంగోలు గిత్త ధర వీరికి అందదు, కాబట్టి పొట్టివి, నాటువి, సంకరజాతివి కూడా చూశాను. వీరు జాతి కన్నా స్వభావం చూస్తారు. చేయి వేస్తే ఉలికిపడని దూడ కావాలి. మెడ కింద వేలాడే గంగడోలును రోజూ నిమురుతారు. పశువుకు అక్కడ నిమిరితే ఎంత సుఖమంటే, మెడ చాచి, కళ్లు అరమూసి, తల పైకి కిందకు ఆడిస్తుంది. ఆ సమయంలోనే మాట, సైగ కలిపి, వెంటనే బెల్లం ముక్కో తెలగపిండి ఉండో నోటికి అందిస్తారు. కొన్నాళ్లకు నిమరడం పోయి సైగ మాత్రమే మిగులుతుంది. ముందు కాలు ఎత్తడం నేర్పేటప్పుడు గిట్ట పైభాగాన వేలితో తట్టి, కాలు ఎత్తగానే మేత ఇస్తారు. పెద్దయ్యాక ఎక్కువ భాగం పశువులకు విత్తు కొట్టించి ఉంటుంది, ఆ నెమ్మదితనంలో దానికీ పాలు ఉంది. కోడెను జనం మధ్యకు తీసుకురావడం ఎవరికీ క్షేమం కాదు.

బెదిరించి నేర్పినదానికీ, మచ్చిక చేసి నేర్పినదానికీ తేడా మీరే కనిపెట్టవచ్చు. యజమాని చేయి పైకి లేచినప్పుడు ఎద్దు కన్ను చూడండి. దెబ్బలు తిన్న పశువు తల వెనక్కు లాక్కుంటుంది, కంటి తెల్లగుడ్డు కనబడుతుంది, తోక కాళ్ల మధ్యకు బిగుస్తుంది. మచ్చికైన పశువు ఆ చేతిని వాసన చూడబోతుంది, ఎందుకంటే ఆ చేతిలోంచి బెల్లం వస్తుందని దానికి తెలుసు. తరువాత ముక్కు రంధ్రాలు చూడండి. ముక్కుతాడు పడిన చోట చర్మం మానిపోయి నున్నగా ఉంటే ఫరవాలేదు. ఎర్రగా పచ్చిగా ఉన్నా, రక్తం గానీ చీము గానీ కారుతున్నా, ఈగలు ముసురుతున్నా, తాడును ఇష్టం వచ్చినట్టు గుంజుతున్నారని అర్థం. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ముక్కుతాడు వేయడాన్ని నిర్ణీత పద్ధతిలో అనుమతిస్తుంది. కానీ పశువును కొట్టడం, పుండుతోనో జబ్బుతోనో ఉన్నదానితో పని చేయించడం అదే చట్టం కింద నేరం. అటువంటి పశువు మీ ఇంటికి వస్తే డబ్బులివ్వకండి. యజమానితో పోట్లాడకుండా, దగ్గరలోని ప్రభుత్వ పశువైద్యశాలకు తీసుకెళ్లమని గట్టిగా చెప్పండి. వారిలో చాలామందికి ఆ ఎద్దే ఆస్తి. దానికి వైద్యం దొరుకుతుందంటే కాదనేవారు నాకు అరుదుగా తగిలారు.

ఇక అన్నం సంగతి. పశువు పొట్టలో నాలుగు అరలుంటాయి. వాటిలో పెద్దదైన మొదటి అర ఎదిగిన ఎద్దులో 100 లీటర్లకు పైగా పడుతుంది. అక్కడ గడ్డిని జీర్ణం చేసేది పశువు కాదు, దాని లోపల కాపురమున్న కోట్లాది సూక్ష్మజీవులు. అవి నెమ్మదిగా పులిసే పీచు మేతకు అలవాటుపడి ఉంటాయి. వాటి మీద ఒక్కసారిగా అన్నం, పొంగలి, బూరెలు, అరిసెలు వంటి పిండిపదార్థం, బెల్లం పడితే, పిండిని తిని లాక్టిక్ ఆమ్లం తయారుచేసే క్రిములు విపరీతంగా పెరుగుతాయి. మామూలుగా 6 నుంచి 7 మధ్య ఉండే పీహెచ్ (ఆమ్లాన్ని కొలిచే లెక్క, ఇది తగ్గేకొద్దీ పులుపు పెరిగినట్టు) 5 కన్నా కిందకు దిగిపోతుంది. గడ్డిని జీర్ణం చేసే క్రిములు చచ్చిపోతాయి, ఒంట్లోని నీరు పొట్టలోకి గుంజుకుపోతుంది, ఆమ్లం రక్తంలోకి ఎక్కుతుంది. ఉడికిన అన్నం గడ్డి కన్నా ఎన్నో రెట్లు వేగంగా పులుస్తుంది కాబట్టి ఇదంతా గంటల్లో జరిగిపోతుంది.

మీ అత్తగారు పెట్టే ఒక్క గిన్నె వల్లనే ఇంత జరుగుతుందా అని మీకు అనిపించవచ్చు. ఆ ఎద్దు మీ ఇంటికి మాత్రమే రాదు కదా. ఉదయం ఆరింటి నుంచి మధ్యాహ్నం వరకు అది ఎన్ని గడపలు తొక్కుతుందో, ప్రతి గడప దగ్గర ఒక అత్తగారో, ఒక అమ్మగారో అదే భక్తితో గిన్నె పట్టుకుని నిలబడితే ఏమవుతుందో ఆలోచించండి. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజుల్లో ఈ ప్రమాదం బాగా ఎక్కువ. కనుమ మరునాడు మా దగ్గరకు వచ్చే పశువుల్లో గంగిరెద్దులే కాదు, ఇంటి ఆవులు, గేదెలు కూడా ఉండేవి. పండుగ అని ప్రేమతో పొంగలి తినిపించినవే అన్నీ.

అటువంటి పశువు ఎలా ఉంటుందో చెబుతాను, ఎప్పుడైనా మీ కంటపడితే ఉపయోగపడుతుంది. నెమరు వేయడం మానేస్తుంది. పళ్లు కొరుకుతుంది. పేడ పలచగా, పుల్లటి వాసనతో పడుతుంది. కళ్లు లోపలికి పోతాయి, తాగినదానిలా తూలుతుంది. ఆరోగ్యంగా ఉన్న పశువు ఎడమ డొక్క మీద పిడికిలి ఆనించి నిలబడితే, నిమిషానికి ఒకటి రెండుసార్లు లోపలి నుంచి ఒక అల నెమ్మదిగా వచ్చి పిడికిలిని బయటకు నెట్టి వెనక్కు పోతుంది. అన్నం తిని పడిన పశువు డొక్క మీద చేయి పెడితే ఆ అల ఉండదు. గట్టిగా నొక్కి వదిలితే లోపల నీళ్లు తొణికిన చప్పుడు మాత్రం వినిపిస్తుంది. ఈ దశలో ఆలస్యం చేస్తే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోవచ్చు. బతికినా కొన్నిటికి గిట్టలు వాచి నడక చెడుతుంది, నడకే బతుకైన గంగిరెద్దుకు అది చిన్న విషయం కాదు. పడిపోయిన పశువు నోట్లో నూనె, మజ్జిగ, చింతపండు రసం వంటివి ఎవరినీ బలవంతంగా పోయనివ్వకండి. అవి ఊపిరితిత్తుల్లోకి పోయి ఇంకో జబ్బు తెస్తాయి. 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. మీకు గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రి కూడా దగ్గరే.

మరి ఏం పెట్టాలి? ఒక పచ్చగడ్డి కట్ట అన్నిటికన్నా మేలు. మన వైపు వరి కోసిన మాగాణిలో వేసే పిల్లిపెసర, జనుము దొరికితే ఇంకా మంచిది. అవి కూడా ఒకేసారి బుట్టెడు కాకుండా వరిగడ్డితో కలిపి పెట్టాలి. పట్నంలో ఇవి దొరకవనుకుంటే రెండు అరటిపండ్లు, రెండు క్యారెట్లు, ఒక చెరకు ముక్క, ఒక గుప్పెడు తవుడు చాలు. బకెట్టుతో మంచినీళ్లు పెట్టడం మాత్రం మరువకండి, ఇంటింటా అన్నం పెట్టేవారు ఉన్నారు గానీ నీళ్లు పెట్టేవారు తక్కువ. మీ అత్తగారికి అన్నమే పెట్టాలన్న నియమం ఉంటే, ఆమె మనసు కష్టపెట్టకుండా ఒక చిన్న ముద్ద అరటాకులో పెట్టి ఇవ్వమనండి, మిగిలిన గిన్నెడు ఎద్దును తెచ్చిన కుటుంబానికి పెట్టమనండి. పొద్దుటి నుంచి నడుస్తున్న ఆ మనుషులకు దాని అవసరం ఎక్కువ.

మరో రెండు జాగ్రత్తలు. ఏదీ ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఇవ్వకండి. పశువుకు పై దవడలో ముందు పళ్లు ఉండవు, నాలుకతో చుట్టి లాగి మింగేస్తుంది, సంచిని వేరుచేసి ఉమ్మడం దానికి చేతకాదు. అలాగే ఎద్దు మీద కప్పిన బొంతకు నోట్లు గుచ్చడానికి గుండుసూదులు, పిన్నీసులు వాడకండి. అవి రాలి మేతలో పడితే ఎద్దు మింగుతుంది. మింగిన సూది రెండో అరలో నిలుస్తుంది, ఆ అరకూ గుండెకూ మధ్య ఉన్నది సన్నటి పొర మాత్రమే. అది గుచ్చుకుని గుండె చుట్టూ చీము పట్టిన పశువును బతికించడం చాలా కష్టం. నోటు మనిషి చేతికే ఇవ్వండి.

కొన్ని ఎద్దుల మూపురం దగ్గర అదనంగా ఒక కాలు వేలాడుతూ ఉంటుంది. ఐదు కాళ్ల బసవన్న అని దానికి ప్రత్యేకంగా దక్షిణ అడుగుతారు. అది గర్భంలో పిండం ఎదిగేటప్పుడు వచ్చే లోపం, దానివల్ల పశువుకు సాధారణంగా నొప్పి ఉండదు. ఆ కాలు మొదలు చుట్టూ కుట్టిన మచ్చ వలయంలా కనిపిస్తే మాత్రం, దాన్ని తెచ్చి అతికించారేమోనని అనుమానించాలి. ఎలాగైనా దాన్ని లాగి చూడవద్దని పిల్లలకు చెప్పండి.

ఈ ఆచారం ఉండాలా పోవాలా అని మీరు అడగలేదు గానీ, మీ అమ్మాయి ప్రశ్న వెనుక అదే ఉందనిపించింది. గజాసురుని కడుపులో ఉన్న శివుణ్ణి విడిపించడానికి విష్ణువు నందిని గంగిరెద్దుగా అలంకరించి ఆడించాడన్న వినాయక చవితి కథ మనందరం విన్నదే. తమిళనాడులో దీన్ని పూం పూం మాడు అంటారు, కన్నడ దేశంలో కోలె బసవ అంటారు. అంటే దక్షిణాది అంతటా ఈ కళ ఉంది. నేను దీన్ని నిలుపుకోవాలనే కోరుకుంటాను, పశువు ఒంటికి హాని లేనంతవరకే అన్న షరతుతో. నాకు తెలిసిన కుటుంబాల్లో కొడుకులు ఆటోలు నడుపుతున్నారు, తాపీ పనులకు పోతున్నారు. ధనుర్మాసంలో మాత్రం తండ్రి వెంట వస్తున్నారు. అలా నెలరోజుల కోసం మిగతా పదకొండు నెలలు ఎద్దును మేపడం వారికి పెద్ద భారం. దక్షిణ ఇచ్చేటప్పుడు దాన్ని ఆ మేత ఖర్చుగా లెక్క వేసుకుని, మీకు తోచినంత ఇవ్వండి. పాత చీర ఇస్తే బొంతకు పనికివస్తుంది, అయితే జరీ తీగలు ఊడుతున్నది, పూసలు కుట్టినది కాకుండా మెత్తటి నూలు చీర ఇవ్వండి.

మీ అమ్మాయిని ఈసారి దగ్గరకు తీసుకెళ్లాలనుకుంటే, ముందుగా యజమానిని అడిగి, ఎద్దు భుజం వైపు నుంచి నెమ్మదిగా వెళ్లమనండి. తల మీద, కొమ్ముల మీద చేయి వేయవద్దు. గంగడోలు కింద నిమిరితే చాలు.